సగం క్షణం నలుపు

డులూత్‌లో ఫిబ్రవరి.
సరస్సు మీద మంచు పగిలే చప్పుడు
పక్కగదిలో ఎవరో బీరువా జరిపినట్టు వినిపిస్తుంది.
ఆర్విడ్ బూట్లైనా విప్పకుండా
చంకలోంచి పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు.
టిబ్బెట్ కుటుంబం, నాలుగు సీజన్లు, పదహారు డిస్కులు.
మూసేస్తున్న వీడియో షాపులో పదకొండు డాలర్లట.
"బేరమాడలేదు" అన్నాడు,
బేరమాడకుండా మంచు పార కూడా కొనని మనిషి.

ఎంత శుభ్రంగా ఉన్నాయో బొమ్మలు!
టిబ్బెట్ టోపీ ఆకుపచ్చదని
యాభై దాటాక తెలిసింది నాకు.
మా టేపులో అది బురద రంగు.
మా టేపులో అందరి మొహాల మీదా
సన్నటి గీతలు జారుతూ ఉండేవి,
ఆ ఊళ్లో ఎప్పుడూ ముసురే అనుకునేవాళ్లం.

గురువారం సాయంత్రాలు మాకు ఐస్ హాకీ.
రికార్డు చేసే పని ముమ్ముది.
ఇంగ్లీషు అంతంతమాత్రం, కార్టూన్లంటే చిన్నచూపు,
అయినా కుర్చీ అంచున కూర్చుని
రిమోట్ మీద బొటనవేలు ఆనించి
ప్రకటన రాగానే నొక్కేది, పోగానే వదిలేది,
పిల్లలకు పెట్టే చేపలో ముళ్లు ఏరినట్టు.
కొన్ని ముళ్లు మిగిలేవి.
ప్రతి విరామం దగ్గరా కాస్త సబ్బు నురగ,
సగం కారు,
"ఇప్పుడే కొ..." అని తెగిపోయే మగ గొంతు.
ఇవాళ ఆ చోటికి రాగానే
ఇద్దరం ఒకేసారి "ఇప్పుడే కొ" అన్నాం.
డిస్కు అనలేదు.

టిబ్బెట్ ఇంట్లో పరిగెడితే
వెనకాల అదే దీపం, అదే కిటికీ, అదే పూలకూజా,
మళ్లీ దీపం, కిటికీ, కూజా.
ముమ్ము లెక్కపెట్టేది.
"ఈ మనిషికి తొమ్మిది కూజాలు,
ఒక్కదాంట్లోనూ నీళ్లు మార్చిన పాపాన పోలేదు."
చేతికి నాలుగే వేళ్లు కదా,
పెళ్లి ఉంగరం ఏ వేలికి పెట్టుకుంటాడని
నిజంగానే బెంగపడేది.

మూడో డిస్కు, ఆరో భాగం.
ఆర్విడ్ నా వైపు చూశాడు.
నేను మఫ్లర్ మడతపెట్టాను, విప్పాను, మళ్లీ మడతపెట్టాను.

టిబ్బెట్ అలిగి ఇల్లు వదిలి వెళ్తాడు.
వానలో తిరిగొచ్చి తలుపు ముందు నిలబడతాడు.
కొట్టాలా వద్దా అని చెయ్యెత్తుతాడు.
మా టేపు అక్కడితో ఆఖరు.

ప్రకటన రాగానే నొక్కింది ముమ్ము.
మళ్లీ వదల్లేదు.
ఐదు నిమిషాలు ఓపిక పట్టి
తనంతట తానే ఆగిపోయే రకం ఆ మెషిన్.
మేం స్కేట్లు భుజాన వేసుకుని వచ్చేసరికి
టీవీలో ఎవరో రేపటి చలి గురించి చెప్తున్నారు.
రిమోట్ ఆవిడ చేతిలోనే ఉంది.
కాఫీ మీద మీగడ కట్టింది.

తర్వాత ఎన్నో రాత్రులు
పై మంచం మీంచి వాడు, కింది మంచం మీంచి నేను
ఆ తలుపు తీస్తూ వచ్చాం.
ఒకసారి భార్య తీసేది, ఒకసారి కుక్క,
ఒకసారి ఎవరూ తీయక
టిబ్బెట్ తెల్లవార్లూ తడిసేవాడు.
విడాకులు వచ్చిన రోజు
కోర్టు మెట్ల మీద ఆర్విడ్ నాకేసి చెయ్యెత్తాడు,
సరిగ్గా అట్లాగే.
వాడి లాయరు ఎవరికో వీడ్కోలు అనుకున్నాడు.

డిస్కుకు ఇవేవీ తెలియవు.
తెర సగం క్షణం నల్లబడింది,
బొమ్మ వచ్చేసింది.
తలుపు గడియే పెట్టలేదు.
లోపల ఆయన కుర్చీలో కుక్క కూర్చుని
ఆయన పైపు తాగుతోంది.
నవ్వులు. పేర్లు. బాకా.
ముప్పై ఎనిమిదేళ్లు మేం మోసింది
ఇరవై సెకన్ల కుక్క జోకు.

ఆర్విడ్ నవ్వాడు, ముందు చిన్నగా,
తర్వాత కళ్లద్దాలు తీసి పక్కన పెట్టేంత.
నాకు కోపమొచ్చింది, ఎవరి మీదో తెలీలేదు.
"వెనక్కి తిప్పు" అన్నాను.
ఎత్తిన చెయ్యి. నలుపు. కుక్క.
"మళ్లీ."
ఎత్తిన చెయ్యి. నలుపు.
అక్కడ నొక్కి పట్టాడు.

నల్లటి తెరలో మా దీపం, మా కిటికీ,
సోఫాలో వయసు మళ్లిన ఇద్దరు,
ఒకరి బూట్ల చుట్టూ కరిగిన మంచు మడుగు.
కూజా ఒక్కటీ లేదు.
"వదలనా?" అన్నాడు, బొటనవేలు తీయకుండానే.
"ఉండు" అన్నాను.
"ఇది ఎంతసేపు ఆగుతుందో చూద్దాం."